కూరకొచ్చే తీగ, కొప్పుకు రాని పువ్వు

మా అత్తకూ నాకూ జరిగిన గొడవల్లోకెల్లా పెద్దది ఒక పూలకుండీ గురించి. చెబితే నవ్వుతారు గానీ, ఆ వారం రోజులూ మేమిద్దరం వంటింట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

పెళ్లయి సదుం వచ్చిన కొత్త. బెంగుళూరు లాల్‌బాగ్‌లో పూల ప్రదర్శన చూసి వస్తూ, బయట ఒక నర్సరీలో బెగోనియా మొక్క కొన్నాను. ఒక పక్క పెద్దగా, ఒక పక్క చిన్నగా ఉండే వంకర ఆకులు, వాటి మీద వెండి పూత పూసినట్టు మెరుపు. అత్త కుండీని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏమ్మే, ఇది కూరకొస్తాదా, కొప్పుకొస్తాదా?" అనింది. రెంటికీ రాదన్నాను. "మరెందుకు మే?" అని లోపలికి పోయింది.

ఆమెకు దొడ్డి అంటే తీగలే. కంచె పొడుగునా అనప, బావి పక్కన పందిరి మీద డబుల్ బీన్స్. రెండూ ఒకటే అనుకునేవాళ్లున్నారు, కానీ కాదు. అనప ఎప్పటినుంచో మన నేలలో ఉన్న పంట. చెనిక్కాయ చేలో సాళ్ల మధ్య వేస్తారు. చలికాలంలో గింజలు నానబెట్టి, పొట్టు పితికి, పితికిపప్పు చేసుకుంటాం. డబుల్ బీన్స్ మాత్రం సముద్రం దాటి వచ్చింది. ఇంగ్లీషువాళ్లు దాన్ని లిమా బీన్స్ అంటారు. పెరూ దేశ రాజధాని లిమా పేరే ఆ గింజకు పెట్టారు.

పెరూలోని ఆండీస్ కొండల్లో పెద్ద గింజ రకాన్నీ, మెక్సికో వైపు చిన్న గింజ రకాన్నీ వేల ఏళ్ల కిందటే జనం పెంపకంలోకి తెచ్చుకున్నారు. పెరూ ఉత్తర తీరంలో దాదాపు 1,500 ఏళ్ల కిందట ఉండిన మోచె అనే జనం తమ మట్టి కుండల మీద ఈ గింజల బొమ్మలు వేసుకున్నారు. కొన్ని బొమ్మల్లో గింజలకు కాళ్లూ చేతులూ కూడా ఉంటాయి! 1492లో కొలంబస్ అమెరికా చేరిన తర్వాత మిరప, టమాటా, చెనిక్కాయ ఎలా ఓడలెక్కాయో ఇదీ అలాగే ఎక్కింది. మదనపల్లె మార్కెట్‌లో గుట్టలు పోసే టమాటాకు ఇది పాత పొరుగు అన్నమాట.

ఇక బెగోనియా. ఇందులో రెండు వేలకు పైగా జాతులున్నాయి. అమెరికా, ఆఫ్రికా, ఆసియా మూడు చోట్లా అడవుల్లో నీడన పెరుగుతాయి. 1690 ప్రాంతంలో ఛార్ల్స్ ప్లూమియే అనే ఫ్రెంచి సన్యాసి మొక్కల్ని వెతుక్కుంటూ కరీబియన్ దీవులు తిరిగాడు. ఆ పనికి తనను సిఫారసు చేసిన మిషెల్ బెగోన్ అనే ఫ్రెంచి అధికారి మీద కృతజ్ఞతతో ఒక మొక్కకు బెగోనియా అని పేరు పెట్టాడు. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ మొక్కలన్నిటికీ పేర్లు రాసిన పెద్ద గ్రంథంలో ఆ పేరే ఖాయం చేశాడు. అదే పుస్తకంలో లిమా బీన్స్ కూడా ఉంది. గింజ నెలవంకలా ఉంటుందని దానికి లూనాటస్ అని పేరు పెట్టాడు.

దుంప నుంచి మొలిచి, పెద్ద పెద్ద పూలు పూసే బెగోనియాల కథ ఇంకా చిత్రం. 1860లలో ఇంగ్లండులోని వీచ్ నర్సరీ పంపగా రిచర్డ్ పియర్స్ అనే అతను బొలీవియా, పెరూ కొండల్లో తిరిగి కొన్ని అడవి రకాలు పట్టుకొచ్చాడు. ఈనాటి దుంప బెగోనియాలకు అవే మూలం. అంటే మా అత్త గింజా, ఈ పువ్వూ ఒకే కొండల బిడ్డలు. పియర్స్ 1868లో, నడి వయసు కూడా రాకముందే, పనామాలో చనిపోయాడు. అతని పేరు ఒక పసుపు పువ్వుకు మిగిలింది. నా కుండీలోని వెండాకు రకం మాత్రం మన దేశానిదే. 1850లలో అస్సాం నుంచి యూరపుకు చేరి, అక్కడి నర్సరీలన్నీ తిరిగింది.

గొడవ సంగతికి వస్తాను. నేను కాన్పుకు పుట్టింటికి వెళ్లి మూడు నెలల తర్వాత వచ్చాను. కుండీలో మొక్క కుళ్లి, కాడలు మెత్తబడి పడి ఉన్నాయి. పట్టలేక, "మీకిష్టం లేదు గనక చంపేశారు" అనేశాను. అత్త మొహం మాడిపోయింది. "దినామూ చెంబుడు నీల్లు పోసినా గదమ్మే, పందిరికి పోసినట్టే పోసినా" అనింది.

అదే జరిగింది. ఆమె నిర్లక్ష్యం చేయలేదు. తనకు తెలిసిన పెంపకమే దానికీ చేసింది.

డబుల్ బీన్స్‌కు రోజంతా ఎండ కావాలి. గింజను నేలలోనే నాటాలి, పీకి వేరే చోట పెడితే ఓర్చుకోదు. ఎక్కడానికి పందిరి, మొదట్లో ఆరిపోని తేమ చాలు. దాని వేర్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి కాబట్టి యూరియా వద్దు. వేస్తే ఆకు దండిగా వస్తుంది, కాయ రాదు. ఎండలు మరీ ముదిరితే పూత రాలుతుంది. కాయలు కోసే కొద్దీ ఇంకా కాస్తుంది. వండేటప్పుడు మాత్రం జాగ్రత్త, పచ్చి గింజలో విషం పుట్టించే గుణం ఉంది. ఎండు గింజల్ని రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, వేరే నీళ్లలో బాగా ఉడికించాలి.

బెగోనియా దీనికి పూర్తిగా ఎదురు. నేరుగా ఎండ తగిలితే ఆకు కాలుతుంది. మట్టి తేలికగా ఉండాలి, కుండీ అడుగున నీళ్లు నిలవకూడదు. పైమట్టి వేలికి పొడిగా తగిలినప్పుడే నీళ్లు పోయాలి, అదీ ఆకులు తడవకుండా. తడిస్తే తెగులు వస్తుంది. నాలుగు వేల అడుగుల పైన ఉండే హార్స్లీ కొండ చల్లదనం దానికి సుఖం, మా సదుం ఎండాకాలం శిక్ష.

ఆ కుండీలో ఒక్క ఆకు బాగుంది. దాని ఈనెల్ని బ్లేడుతో అక్కడక్కడా కోసి, తడి ఇసుక మీద పరిచాను. కొన్ని వారాలకు కోసిన చోటల్లా చిన్న మొలకలు వచ్చాయి. వెండాకు బెగోనియాకు ఉన్న వరం అది. అత్త వంగి చూసి, "ఆకుకు బిడ్డలు పుట్టినాయే!" అని ముక్కున వేలేసుకుంది. మర్నాడు తనే ఆ కుండీల్ని తీసుకెళ్లి డబుల్ బీన్స్ పందిరి కింద పెట్టింది. తీగ సందుల్లోంచి చుక్కలు చుక్కలుగా పడే వెలుగు వాటికి సరిగ్గా సరిపోయింది. ఎండను తినే తీగ నీడను తినేదాన్ని కాచింది. ఇంకెప్పుడూ చెంబు ముట్టుకోలేదు. "నీ బిడ్డలకు దాహమైతా ఉందేమో చూసుకో మే" అని పిలిచేది.

ఈశాన్య రాష్ట్రాల్లో కొన్ని చోట్ల అడవి బెగోనియా పుల్లటి కాడల్ని కూరల్లో, పచ్చడిలో వేస్తారని ఈ మధ్యే చదివాను. అంటే కూరకొస్తాదన్నమాట! (నర్సరీ మొక్కల మీద మాత్రం ఆ ప్రయోగం చేయకండి.) ఈ మాట అత్తకు చెప్పాలనిపించింది. కానీ ఆమె పోయి ఏడాదయింది.

ఒక అధికారి పేరు పువ్వుకు మిగిలింది. వెతికినవాడి పేరూ మిగిలింది. అడవి చిక్కుడులోని చేదును తరాల తరబడి ఏరి, తినదగ్గ గింజగా మార్చి, మరుసటి ఏటికి విత్తనం దాచినవాళ్ల పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. వాళ్లలో ఎక్కువమంది పొయ్యి దగ్గర నిలబడే ఆడవాళ్లే అయి ఉంటారని నా నమ్మకం. అటకమీద సర్దుతుంటే బూడిద కలిపి దాచిన గింజల సీసా ఒకటి దొరికింది. సగం గింజలు నాటాను, మొలిచాయి. మిగతా సగం సీసాలోనే ఉన్నాయి. దానికొక చీటీ అతికించి, నా కూతురి చేత అవ్వ పేరు రాయించాను.