బొంకులదిబ్బ నుంచి విశాఖ కోర్టుదాకా

సాహిత్యంలో స్థలమంటే నాటకంలో వెనుక కట్టిన తెర వంటిదని మన విమర్శకులలో చాలామంది అభిప్రాయం. పాత్రలు నిలబడడానికి ఒక చోటు కావాలి గనక రచయిత ఏదో ఒక వూరిపేరు పెడతాడు. ఆ పేరు మార్చినా రచనకు నష్టం లేదు. పైగా నిజమైన వూరిపేరు రచన విశ్వజనీనతకు అడ్డమవుతుంది అని వారి వాదం. ఇది ఎంతవరకు నిలుస్తుందో గురజాడ అప్పారావు "కన్యాశుల్కం" ఆధారంగా పరిశీలించాలని నా వుద్దేశం.

నేను కూడా కొంతకాలం యీ వాదానికి లోబడినవాడినే. ఆ నాటకం పాఠం చెప్పేటప్పుడు రంగసూచనలను దాటవేసి తిన్నగా గిరీశం మాటల్లోకి దిగేవాణ్ణి. ఒకనాడు ఒక విద్యార్థి, "మాస్టారూ, బొంకులదిబ్బ నిజంగా వుందాండీ?" అని అడిగాడు. వుందన్నాను. "అయితే అగ్రహారంలో పిల్లనమ్మిన డబ్బు చివరకు ఎక్కడికి పోయిందండీ?" అన్నాడు. మొదటి ప్రశ్నకు చెప్పినంత తేలికగా రెండోదానికి జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబుకోసం నాటకాన్ని పాత్రల వెంట కాక, స్థలాల వెంట మళ్లీ చదివాను.

"కన్యాశుల్కం" 1892లో ప్రదర్శించబడింది, 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని పూర్తిగా తిరగవ్రాశాడు. ఈ రెండో కూర్పులో కథ మూడు రకాల చోట్ల నడుస్తుంది: విజయనగరం పట్టణం, కృష్ణరాయపురం, రామచంద్రపురం అనే అగ్రహారాలు, కోర్టులున్న విశాఖపట్నం. ఈ మూడూ మూడు బొమ్మల తెరలు కావు. ఒకే వ్యవస్థలోని మూడు అంతస్తులు.

విజయనగరం జమీందారీ రాజధాని. 1794లో పద్మనాభం యుద్ధంలో కంపెనీ సేన విజయనగరాన్ని ఓడించింది. 1802లో శాశ్వత శిస్తు నిర్ణయం అమలయింది. ఆయుధం పోయి, శిస్తు వసూలుచేసే హక్కు మిగిలింది. ఆ సంపద నీడలో కళాశాల వెలసింది, సంగీత సాహిత్యాలు వర్ధిల్లాయి, ఇంగ్లీషు చదువు వచ్చింది. ఆ చదువులోని సారం వంటబట్టకుండా మాటలు మాత్రం వంటబట్టినవాడు గిరీశం. నాటకం అతనితోనే, బొంకులదిబ్బ మీదనే మొదలవుతుంది. బొంకు అంటే అబద్ధం. రచయిత యీ పేరు కల్పించలేదు. తన వూళ్లో వున్నదాన్ని చూసి ఏరుకున్నాడు.

ఇక అగ్రహారం. అది ఇనాం భూమి. దానిమీద హక్కున్నవారు సాధారణంగా నాగలి పట్టరు. ఫలసాయంలో భాగం తీసుకుంటారు. కొత్త పాలనలో కోర్టు ఖర్చుకు, వకీలు ఫీజుకు, ఇంగ్లీషు చదువుకు రొక్కం కావాలి. ఆ రొక్కం వచ్చే దారుల్లో ఒకటి ఆడపిల్ల. అగ్నిహోత్రావధానులు పసిపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధానులుకు 1800 రూపాయలకు బేరం పెట్టాడు. అంతకుముందు పెద్దకూతురు బుచ్చమ్మను అమ్మాడు, ఆమె విధవ అయింది. ఆ సొమ్ము సరిహద్దు దావాకింద మంటగలిసిందని బావమరిది కరటకశాస్త్రి ముఖంమీదే అంటాడు. నా విద్యార్థి ప్రశ్నకు జవాబు యీ ఒక్కమాటలో వుంది. అగ్రహారంలో అమ్ముడుపోయిన పిల్ల వెల పట్నంలో కోర్టుఖర్చుగా మారింది. ఆ దారి పొడుగునా దళారులున్నారు, వకీళ్లున్నారు, కూటసాక్షులున్నారు. కడపటి అంకాలు విశాఖపట్నం చేరడం రచయిత ఇష్టానికి జరిగినది కాదు. డబ్బు నడిచిన దారినే కథ నడిచింది.

ఇది కేవలం కల్పన అనడానికి గురజాడ అవకాశమివ్వలేదు. సంస్థానాధీశుని ఆజ్ఞపై విశాఖపట్నం జిల్లాలో తయారైన ఒక పట్టికను మొదటి కూర్పు పీఠికలో పేర్కొన్నాడు. మూడు సంవత్సరాలలో నమోదైన కన్యాశుల్క వివాహాలు 1034. ఆ పెండ్లికూతుళ్లలో అయిదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. "ఒకానొక దేశంలో, ఒకానొక వూరిలో" అని కథ చెబితే యీ అంకెలు ఎవరికీ తగిలేవి కావు. జిల్లాపేరు చెప్పేసరికి నాటకం సాక్ష్యమయింది. వూరిపేరు చెప్పిన రచయిత ఆ వూరివారికి జవాబుదారీ అవుతాడు.

అయితే వూరిపేర్లుంటేనే వాస్తవికతా అని అడగవచ్చు. కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ "మాలపల్లి"లోని మంగళాపురం కల్పిత గ్రామమే. కాని అక్కడ ఎవరు దున్నుతారో, ఎవరు ధాన్యం కొలుస్తారో, ఎవరు ఆకలితో వుంటారో మనకు తెలుస్తుంది. పేరు కన్న ఆ సంబంధాలే ముఖ్యం. ఈ కొలతతో గురజాడనూ కొలవాలి. అగ్రహారపు భూములు దున్నిన రైతులకు, కూలీలకు అతని రంగస్థలం మీద ప్రధానస్థానం లేదు. కన్యను కొన్న డబ్బులో వాళ్ల చెమట ఎంతుందో నాటకం లెక్క కట్టలేదు. ఆ లెక్క తరవాతి తరం రచయితలకు మిగిలిన పని.

1948 చట్టంతో జమీందారీలు, 1956 చట్టంతో ఆంధ్రలో ఇనాములు రద్దయ్యాయి. కన్యాశుల్కం పోయి వరకట్నం వచ్చింది. 1961లో దాన్ని నిషేధించినా అది చావలేదు. బేరం దిక్కు మార్చుకున్నది గాని బేరం పోలేదు.

ఈ సందర్భంలో మనవారికి ఒక మాట చెప్పక తప్పదు. మన అభ్యుదయ కథల్లో ఎన్నింటిలోనో "ఒక పల్లె" వుంటుంది, "ఒక భూస్వామి" వుంటాడు, "ఒక కూలి" వుంటాడు. ఆ పల్లెకు చెరువు లేదు, సరిహద్దు లేదు, కూలిరేటు లేదు. అటువంటి పల్లెలో జరిగే అన్యాయం ఎవరినీ బాధించదు. విద్యార్థి మిత్రులు యీ సెలవులకు వూరు వెళ్లినప్పుడు ఎవరి భూమి ఎవరి చేతికి, ఏ దావావల్ల, ఏ పెళ్లివల్ల మారిందో అడిగి వ్రాసుకుంటే మంచిది. మన తరువాతి నాటకం అక్కడ వుంది.