అడయారు ఒడ్డున నీడ

1950లో కేంద్రమంత్రి కె. ఎం. మున్షీ ప్రారంభించిన వనమహోత్సవంతో మొక్కలు నాటడం జాతీయోత్సవమైంది. అయితే ఉత్సవం త్వరగా ముగుస్తుంది; మొక్కకు నీరు ఏళ్ల తరబడి కావాలి. ఆ బాధ్యతను పౌరులే స్వీకరించిన ఉదాహరణ మన చెన్నపట్నంలోనే ఉన్నది.

2005లో ఏర్పడిన 'నిళల్' అనే స్వచ్ఛంద సంస్థ, మరుసటి సంవత్సరం కోట్టూరుపురంలో అడయారు నది ఒడ్డున, చెత్త పారబోసే ప్రభుత్వ స్థలాన్ని వృక్షవనంగా మార్చడానికి పూనుకొన్నది. స్వచ్ఛంద సేవకులు శ్రమదానంతో నేలను శుభ్రపరచి, ఈ ప్రాంతానికి సహజమైన దేశవాళీ చెట్లను నాటి పెంచారు.

దేశవాళీ చెట్ల కోసం అంత పట్టుదల ఎందుకో 2016 డిసెంబరు 12న వార్దా తుఫాను తెలియజేసింది. నగరంలో వేలాది చెట్లు నేలకొరిగాయి. వాటిలో విదేశాల నుండి వచ్చిన తురాయి వంటివి అధికం. మొదళ్ల చుట్టూ సిమెంటు పరచి వేళ్లకు చోటు లేకుండా చేయడమూ ఆ నష్టానికి ఒక కారణమే.

తమిళుల 'నిళల్', మన 'నీడ' ఒకే ద్రావిడ మూలం నుండి పుట్టిన మాటలు. డెబ్బై అయిదేళ్లుగా ఈ పాఠశాలకు నీడనిచ్చిన నేల ఇది. నాటినవారితో పాటు, పేరు తెలియకుండా నీరుపోసినవారికీ మనం ఋణపడి ఉన్నాము. ఒక్కొక్క దేశవాళీ మొక్కను నాటి, అది చెట్టయ్యే వరకు కాపాడితే ఆ ఋణం కొంతైనా తీరుతుంది.