విద్యుద్విద్యలో తొలి వెలుగు: శ్రీమతి అయ్యలసోమయాజుల లలిత

భిలాయి వాసులకు కొలిమి, రైలు పట్టా, విద్యుచ్ఛక్తి నిత్యపరిచితములు. 1959 ఫిబ్రవరి 4వ తేదీన ఇచ్చటి మొదటి కొలిమిని రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించిరి. ఆ దినములలోనే కలకత్తాలో ఒక తెలుగు వనిత విద్యుత్తు లైనులకును, ఉపకేంద్రములకును నమూనాలు రచించుచుండెను. ఆమెయే శ్రీమతి అయ్యలసోమయాజుల లలిత.

ఆమె 1919 ఆగస్టు 27వ తేదీన మద్రాసున జన్మించెను. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రాచార్యులు. నాటి ఆచారము ననుసరించి పదునైదవ యేట వివాహము జరిగెను. 1937లో కుమార్తె కలిగెను. శిశువునకు నాలుగు నెలలు నిండునప్పటికి భర్త గతించెను. అప్పటి కామెకు ఇరువదేండ్లయినను నిండలేదు.

వితంతువునకు గృహకోణమే గతియని లోకము తలచు కాలమది. లలిత మాత్రము చదువును ఆశ్రయించెను. వైద్యవృత్తియైనచో అర్ధరాత్రివేళ బిడ్డను విడిచి పోవలసి వచ్చునని యెంచి, ఇంజనీరింగును కోరెను. తండ్రి అధికారుల అనుమతి సంపాదించెను. 1940లో ఆమె గిండీలో ప్రవేశించెను. పిదప మఱి యిద్దఱు యువతులు సివిల్ శాఖలో చేరిరి. డిగ్రీ పత్రములపై పురుషులకై ముద్రించిన సర్వనామమును కొట్టివేసి, స్త్రీవాచకమును చేతితో వ్రాయవలసి వచ్చెను! ఒక్క మాట దిద్దబడుటకు ఎంత కాలము పట్టినదో గదా!

1862లో స్థాపితమైన జమాల్పూరు రైల్వే కర్మాగారమున ఆమె యొక సంవత్సరము శిక్షణ పొందెను. సిమ్లాలో కొంతకాలము పనిచేసి, 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ సంస్థలో చేరెను. సట్లెజ్ నదిపై నిర్మితమైన భాక్రా జలవిద్యుత్ పథకపు జనరేటర్ల పనిలో ఆమెకు భాగము కలదు. నీటి వేగముచే టర్బైను తిరిగి విద్యుత్తు పుట్టుట యొక యెత్తు. దాని వోల్టేజీని పెంచి, దూరమునకు పంపి, తిరిగి తగ్గించి, దోషము కలిగిన లైనును తక్షణమే వేఱుచేయుట మఱియొక యెత్తు. ఈ రెండవ పనియే ఆమె ప్రజ్ఞకు ముఖ్యక్షేత్రము.

1964లో న్యూయార్కున జరిగిన ప్రథమ అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మహాసభకు ఆమె వెళ్లెను. లండను విద్యుత్ ఇంజనీర్ల సంస్థలో 1953లో అనుబంధ సభ్యత్వమును, 1966లో పూర్ణ సభ్యత్వమును పొందెను. 1979లో, అరువదవ యేట, పరమపదించెను.

ఆమె పునర్వివాహము చేసికొనలేదు. కుమార్తెను పెంచి, విద్యావతిని గావించెను. నదీజలమును నిరోధించిన ఆనకట్టయే దానిని శక్తిగా మార్చును. విధి కల్పించిన నిరోధమును లలిత యట్లే శక్తిగా మార్చుకొనెను. మన యింటి బాలికలు యంత్రముల వంక కుతూహలముతో చూచునపుడు, తల్లిదండ్రులు ఆ సుబ్బారావుగారిని స్మరింతురుగాక!