రంగం వెళ్ళిన మనవాళ్ళు

మన సంఘం సభల్లో తెలుగువారి వలస గురించి ఎవరు మాట్లాడినా, అమెరికా 1965లో వలస చట్టం మార్చడం, ఆ తర్వాత డాక్టర్లూ ఇంజనీర్లూ విమానాలెక్కడం దగ్గర మొదలు పెడతారు. మొన్నమొన్నటిదాకా నేనూ అలాగే చెప్పేవాణ్ణి. అయితే మా తాతగారు మనకంటే ముందే సముద్రం దాటారు. పట్టా చేత పుచ్చుకుని కాదు, మేస్త్రీ దగ్గర అప్పు పుచ్చుకుని. ఆయన వెళ్ళింది రంగూన్ పక్కనున్న సిరియం. దాన్నే ఇప్పుడు తన్లిన్ అంటున్నారు.

మా భీమిలి ప్రాంతంలో రంగూన్‌ని 'రంగం' అనేవారు. బర్మా వాళ్ళు మనల్ని 'కోరంగీలు' అన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు మీదుగా వచ్చిన పేరది. 1839 తుఫానులో ఆ రేవు నాశనమైంది గానీ, పేరు మాత్రం అవతలి ఒడ్డున మిగిలిపోయింది.

ఎందుకు వెళ్ళారు?

1852లో దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. 1869లో సూయజ్ కాలువ తెరిచాక బర్మా బియ్యానికి యూరప్‌లో గిరాకీ పెరిగింది. మిల్లుల్లో బస్తాలు మొయ్యాలి, ఓడలకెత్తాలి, రోడ్లూ రైలు పట్టాలూ వెయ్యాలి. ఇటు చూస్తే గంజాం, విశాఖ జిల్లాల్లో కరువులు, శిస్తులు, అప్పులు. కోతలు ముగిసి మిల్లులు తిరిగే కాలానికి విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లు మనవాళ్ళతో నిండి వెళ్ళేవి. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే కనుక పాస్‌పోర్టుల గొడవ లేదు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలోని భారతీయులు పది లక్షలు దాటారు. వారిలో తెలుగువారు లక్షన్నర పైచిలుకు. రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా మన దేశస్థులే.

మేస్త్రీ పద్ధతి ఇదీ: స్టీమరు ఛార్జీ, ఇంటి ఖర్చుకు కొంత సొమ్ము మేస్త్రీ ముందుగా ఇస్తాడు. ఆ అప్పు తీరేదాకా కూలివాడు అతని ముఠాలోనే పని చెయ్యాలి. కంపెనీ కూలి డబ్బు మేస్త్రీకి ఇస్తుంది, అతను తన వంతు కోసుకుని మిగిలింది పంచుతాడు. 1933లో 'ఇండియన్ లేబర్ ఇన్ రంగూన్' అనే పుస్తకం రాసిన ఇ.జె.ఎల్. ఆండ్రూ అక్కడ వలస కార్మికుల వ్యవహారాలు చూసిన అధికారి. ఈ పద్ధతి లోటుపాట్లు ఆయన వివరంగానే రాశారు.

సిరియంలో బ్రతుకు

సిరియంలో బర్మా ఆయిల్ కంపెనీ రిఫైనరీ ఉండేది. యెనాంజావ్ బావుల నూనె మొదట పడవల మీద, తర్వాత పైపులైనులో అక్కడికి చేరేది. ఓడలు వచ్చే నది పక్కనే ఉండటం వల్ల ఆ చోటు ఎంచుకున్నారు. ఆ ముడి నూనెలో మైనం పాలు ఎక్కువ. అందుకని కిరసనాయిలుతో పాటు కొవ్వొత్తులూ తయారయ్యేవి. ఆ కిరసనాయిలు మన దేశానికీ వచ్చేది. నేను కెమికల్ ఇంజనీర్ని. మా నాయనమ్మ వెలిగించిన బుడ్డిదీపంలో నూనె మా తాతగారు మోసిన డబ్బాలోదే అయి ఉండవచ్చునన్న సంగతి చదువుకునే రోజుల్లో ఒక్కసారీ తట్టలేదు.

ఒక్కో గదిలో పదీ పదిహేనుమంది. పగటి షిఫ్టువాడు లేచిన చాప మీదే రాత్రి షిఫ్టువాడు పడుకునేవాడు. వంట ఉమ్మడి. చాలామంది భార్యల్ని ఊళ్ళోనే ఉంచి వెళ్ళారు. శనివారం భజన, శ్రీరామనవమికి పానకం, వడపప్పు. మనం ఇక్కడ హైస్కూలు ఆడిటోరియం అద్దెకు తీసుకుని చేస్తున్నదాన్ని వాళ్ళు పాకల్లో చేశారు.

అంతా మంచిగానే జరిగిందని చెప్పలేను. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. ఓడల కంట్రాక్టర్లు బర్మా వాళ్ళను పనిలో పెట్టుకుని, సమ్మె తీరగానే వాళ్ళను పంపించేశారు. 26వ తేదీన మొదలైన అల్లర్లలో వందకు పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది మనవాళ్ళే. అప్పటికే సొంత ఊళ్ళో పనీ పొలమూ జారిపోతున్న బర్మీయుల బాధ కూడా అబద్ధం కాదు.

1941 డిసెంబరు 23న జపాను బాంబులు రంగూన్ మీద పడ్డాయి. మరుసటి ఫిబ్రవరిలో మా తాతగారు ప్రోమ్ నుంచి కొండదారిన టాంగప్ చేరి, అక్కణ్ణుంచి చిట్టగాంగ్ వచ్చారు. ఆ ఏడాది అలా బయల్దేరినవారు దాదాపు అయిదు లక్షలమంది. కలరాతోనూ ఆకలితోనూ వేలమంది దారిలోనే పోయారు. మార్చి 7న ఇంగ్లీషువాళ్ళు తామే రిఫైనరీని తగలబెట్టి రంగూన్ వదిలేశారు.

ఆయన తమ్ముడు మాత్రం రాలేదు. బర్మా అమ్మాయిని పెళ్ళి చేసుకుని సిరియంలోనే ఉండిపోయారు.

జవాబు రాయని ఉత్తరం

మా నాన్నగారు పోయాక, రంగం నుంచి వచ్చిన టేకుపెట్టెలో నాకొక ఉత్తరం దొరికింది. 1964 నాటిది. ఆ ఏడాది నే విన్ ప్రభుత్వం అంగళ్ళు జాతీయం చేసి, యాభై, వంద చాట్ నోట్లు రద్దు చేసింది. ఆ రోజుల్లో లక్షలమంది భారతీయులు చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఓడలెక్కారు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు అలా వచ్చినవాళ్ళదే. చిన్నతాతగారు రాసింది ఒక్కటే: "పిల్లల్తో వస్తాను, కొన్నాళ్ళు ఇంట్లో చోటిస్తావా అన్నయ్యా?"

జవాబు రాయలేదట. ఇంట్లో పెళ్ళి కావలసిన ఆడపిల్లలున్నారు, బర్మా కోడలు వస్తే సంబంధాలు రావని పెద్దలు అనుకున్నారట. ఇది మా అత్తయ్య తలొంచుకుని చెప్పిన మాట. కొండదారిలో పరాయివాళ్ళు పోసిన గంజితో బతికానని చెప్పుకునే మనిషి, సొంత తమ్ముడికి ఒక కార్డుముక్క రాయలేకపోయారు.

2018 డిసెంబరులో ఉద్యోగం పని మీద సింగపూర్ వెళ్ళి, అటునుంచి తన్లిన్ వెళ్ళాను. 1993లో కట్టిన వంతెన మీద బాగో నది దాటాను. రైలూ కార్లూ రెండూ నడిచే వంతెన అది. ఒక చిన్న గుడి దగ్గర లుంగీతో కూర్చున్న పెద్దాయన నా ముఖం చూసి "ఏ ఊరు బాబూ మీది?" అన్నాడు. కళ్ళు చెమర్చాయి. వాళ్ళ తాతది కళింగపట్నమట, తను మాత్రం ఎప్పుడూ చూడలేదట. మనవలకు బడిలో బర్మా పేర్లు, ఇంట్లో తెలుగు పేర్లు. వాళ్ళకు తెలుగు అర్థమవుతుంది గానీ చదవడం రాదు. మా పిల్లల సంగతీ అంతేనని చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం.

చిన్నతాతగారి పేరు చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి తెలియదన్నాడు. ఉత్తరం జిరాక్స్ కాపీ చూపిస్తే కూడబలుక్కుని చదివి, మడిచి, తిరిగి నా చేతిలో పెట్టాడు.

"ఇలాంటి ఉత్తరాలు మేమూ రాశాం బాబూ. కొన్నిటికి జవాబులొచ్చాయి."

అంతకుమించి ఒక్క నిష్ఠూరం ఆడలేదు. లోపలికి పిలిచి టీ ఇచ్చాడు.

సంస్కృతి అంటే పండగలూ పాటలూ పిండివంటలేనని మన పిల్లలకు చెబుతుంటాం. అవి కావలసిందే. కానీ పరాయి గడ్డ మీద అడుగుపెట్టినవాడికి చాపలో సగం చోటివ్వడం కూడా మన సంస్కృతే. ఆ చోటు ఇవ్వకపోవడం కూడా మన ఇళ్ళలో జరిగిందే. రెండూ పిల్లలకు చెప్పాలి. మీ ఇంట్లో రంగం వెళ్ళివచ్చినవారి సంగతులు తెలిసిన పెద్దలుంటే, ఈ పండగకు ఫోను చేసినప్పుడు అడిగి రాసి పెట్టుకోండి. నేను అడిగేసరికి మా ఇంట్లో అత్తయ్య ఒక్కతే మిగిలింది.