నేలకు 18 అంగుళాల ఎత్తున

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎవరూ వాడని ఒక నేలమాళిగలో ఇద్దరు చిన్నపిల్లలు ఆడుకుంటుంటే చచ్చిన ఎలుక కనిపించింది. పెద్దవాళ్లు చేసే అంత్యక్రియలన్నీ దానికి చేసి, పద్ధతిగా పాతిపెట్టారు. రెండు రోజులు తిరిగేసరికి ఇద్దరూ ప్లేగుతో మంచం పట్టారు. 1907-08 నాటి ప్లేగు గురించి ఆ నగర పౌరుల ఆరోగ్య సంఘం 1909లో అచ్చువేసిన నివేదికలో ఈ సంగతి ఉంది. అంత పెద్ద నివేదికలోనూ గుండెను పట్టుకునేది ఈ నాలుగు మాటలే. ఆ రోజుల్లో ప్రమాదం వీధిలోనో, పరాయి మనిషిలోనో ఉందని జనం నమ్మేవారు. అది వాళ్ల ఇంటి కిందే ఉంది.

అమెరికా పడమటి తీరంలో ఇళ్లను ఎక్కువగా కలపతో కట్టేవారు. పొట్టి గోడల మీదో దిమ్మెల మీదో దూలాలు పరిచి, వాటిపై చెక్కలు కొట్టేవారు. చెక్కలకూ మట్టికీ నడుమ మనిషి పాక్కుంటూ వెళ్లగలిగేంత జాగా మిగిలేది. క్రాల్ స్పేస్ అనేది దాన్నే. మన ఇళ్లకు ఆ జాగా లేదు. మట్టీ రాళ్లూ కూరి, దిమ్మిస కొట్టిన పునాది మీద మనం నేల వేసుకుంటాం. కాబట్టి మన పందికొక్కు గోడ కింద బొరియ తవ్వుకుని రావాల్సిందే. అక్కడి ఎలుకకు ఆ శ్రమ కూడా లేదు. కప్పు, చీకటి, వెచ్చదనం, సందుల్లోంచి రాలే తిండి అన్నీ అమర్చిపెట్టి ఉంటాయి. ఇంటివాళ్లు పారేయలేని పాత సామానంతా అక్కడికే తోస్తే గూటికి కావలసిన పీచూ గుడ్డా కూడా దొరుకుతాయి.

ఆ పిల్లల కథకు ఏడేళ్ల ముందే, 1900 మార్చిలో, శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లోని ఒక చవక హోటలు నేలమాళిగలో ఉండే చైనా కూలీ చనిపోయాడు. శవంలో ప్లేగు లక్షణాలు కనిపించగానే నగరాధికారులు ఆ పేట చుట్టూ తాడు కట్టేశారు. తెల్లవాళ్ల దుకాణాలు తాడుకు బయట పడేలా జాగ్రత్తగా మెలికలు తిప్పి మరీ కట్టారు. ప్లేగు క్రిమిని ప్రయోగశాలలో నిర్ధారించిన ఫెడరల్ వైద్యాధికారి జోసెఫ్ కిన్యన్ మాటను కాలిఫోర్నియా గవర్నర్ హెన్రీ గేజ్ ఒప్పుకోలేదు. వ్యాపారం దెబ్బతింటుందన్న భయంతో ప్లేగే లేదన్నాడు. 1904 నాటికి నూరు మందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది చైనావాళ్లు. మనిషికి కట్టిన తాడు ఎలుకను ఆపదు. ఆ నాలుగేళ్ల చరిత్రలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఆ తాడే.

ఎలుకను చూడమని చెప్పే ఆధారం అప్పటికే మన ఉపఖండంలో దొరికింది. 1896లో బొంబాయిలో బయటపడిన ప్లేగును అధ్యయనం చేయడానికి వచ్చిన ఫ్రెంచి వైద్యుడు పాల్-లూయీ సిమోన్, 1898లో కరాచీలో ఒక ప్రయోగం చేసి, ఎలుకల మీద బతికే గోమారి అనే చిన్న పురుగు జబ్బును మోస్తుందని చూపించాడు. చాలాకాలం ఎక్కువమంది నమ్మలేదు. 1905 తర్వాత బొంబాయిలో ప్లేగు పరిశోధకులు జబ్బు సోకిన ఇళ్లలో గినీపందులను బోనుల్లో పెట్టి చూశారు. నేలమీద ఉంచినవాటికి ప్లేగు వచ్చింది, ఎత్తున వేలాడదీసినవి బతికాయి. గోమారి కొన్ని అంగుళాలకు మించి ఎగరలేదు. వైద్యశాస్త్రానికి నేల ఎత్తు ముఖ్యమైపోయిన క్షణం అది.

ఇంట్లో ఎలుకలు రాలితే ఇల్లు ఖాళీ చేయాలని దక్కను పల్లెల్లో జనానికి అనుభవం మీద తెలుసు. పొలాల్లో పాకలు వేసుకుని, జబ్బు తగ్గేదాకా అక్కడే ఉండేవారు. ప్లేగు హైదరాబాదును కూడా వదలలేదు. 1908 మూసీ వరద, ఆ వెనక వచ్చిన ప్లేగు చూశాకనే 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలను తొలగించి గాలీ వెలుతురూ ఉన్న ఇళ్లు కట్టించే పని పట్టింది.

మళ్లీ శాన్‌ఫ్రాన్సిస్కో. 1906 ఏప్రిల్ 18న భూకంపం, ఆ వెంటే మూడు రోజుల మంటలు. రెండు లక్షల మందికి పైగా నిలువ నీడ లేకుండా పోయారు. పగిలిన మురుగు కాలువలు, శిథిలాలు, గుడారాల చుట్టూ చెత్త. ఎలుకలకు అంతకంటే ఏం కావాలి? 1907 వేసవిలో ప్లేగు తిరిగొచ్చింది. ఈసారి ఊరంతా పాకింది, బాధితుల్లో ఎక్కువమంది తెల్లవాళ్లే. చైనాటౌన్‌లో మాత్రం దాదాపు కనబడలేదు. మొదటి ప్లేగు రోజుల్లోనే అక్కడి నేలమాళిగలకు కాంక్రీటు పోయించారు. మంటల్లో కాలాక ఆ పేట ఇటుకతో కొత్తగా లేచింది.

ఆ కాంక్రీటు పోయించిన డాక్టర్ రూపర్ట్ బ్లూనే మళ్లీ పిలిపించారు. ఫిల్‌మోర్ వీధిలో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని దాన్ని ఎలుకల ప్రయోగశాలగా మార్చాడు. పట్టిన ప్రతి ఎలుకకూ ఏ ఇంట్లో దొరికిందో చీటీ కట్టి, కోసి, జబ్బు ఉందో లేదో చూసేవారు. లక్షకు పైగా ఎలుకలను అలా పరీక్షించారు. జబ్బు ఎలుక దొరికిన చోటల్లా ఇంటి కింద మట్టి కనబడకుండా కాంక్రీటు, గుర్రపుశాలకూ కోళ్ల గూటికీ గట్టి నేల, చెత్తకు మూతున్న డబ్బా. 160 మందికి సోకి, సగానికి దగ్గరగా చనిపోయాక ప్లేగు ఆగింది. విషం పెట్టి చంపడం ఒక్కటే సరిపోదని బ్లూ బృందానికి అర్థమైంది. చోటు మిగిలి ఉంటే చచ్చిన ఎలుక స్థానంలోకి మరొకటి వస్తుంది.

ఈ పాఠం 1914లో న్యూ ఆర్లీన్స్‌లో చట్టంగా వచ్చింది. జూన్‌లో అక్కడ ప్లేగు బయటపడే నాటికి బ్లూ దేశానికే సర్జన్ జనరల్, అంటే ప్రజారోగ్య సేవకు అధిపతి. స్వయంగా వెళ్లాడు. నగరం చేసిన శాసనం ఇళ్లను ప్రధానంగా రెండు తరగతులు చేసింది. మొదటి తరగతి ఇంటికి నేలంతా కాంక్రీటు, చుట్టూ భూమిలోకి రెండడుగులు దిగే గోడ. అంత ఖర్చు పెట్టలేనివాళ్లది రెండో తరగతి. ఇల్లు కనీసం 18 అంగుళాల ఎత్తున్న స్తంభాల మీద నిలవాలి, కింది జాగా మూడు వైపులా తెరిచి ఉండాలి, అక్కడ చెత్తగానీ సామానుగానీ ఉండకూడదు. ఈ రెండో తరగతిలోని ఆలోచన నాకు గొప్పగా అనిపిస్తుంది. దాన్ని రాసినవాళ్లు ఎలుక స్వభావాన్ని చదివారు. బొరియలు తవ్వే గోధుమ ఎలుక బట్టబయలులో నిలవదు. వెలుతురు పడి, కుక్కా పిల్లీ దూరగలిగే చోట గూడు కట్టదు. పూర్తిగా మూసెయ్యి, లేదా పూర్తిగా తెరువు అన్నదే శాసనం సారం. సగం మూసి సగం తెరిచిన జాగాయే ఎలుకది.

అయితే మంచి సూత్రం కూడా అమలు చేసే చేతిని బట్టే ఉంటుంది. 1924 శరదృతువులో లాస్ ఏంజిలెస్ మెక్సికన్ పేటలో ఊపిరితిత్తుల ప్లేగు ముప్ఫై మంది ప్రాణాలు తీసింది. అక్కడా ఇళ్ల అడుగు పలకలు ఊడదీసి, ఇళ్లను పైకెత్తి, కింది జాగాను వెలుతురుకు తెరిచారు. దాంతోపాటే పేదల గుడిసెలు వందల సంఖ్యలో కూల్చేశారు, కాల్చేశారు, నష్టపరిహారం మాట ఎత్తలేదు. తెల్లవాళ్ల పేటల్లో ఇంటిని బాగు చేశారు, ఇక్కడ చాలా చోట్ల ఇంటినే తీసేశారు. ప్లేగును గెలిచిన కథ రాసేటప్పుడు ఈ మాట వదిలేయడం న్యాయం కాదు.

గెలుపూ పూర్తిది కాదు. 1908 నాటికే కాలిఫోర్నియా పొలాల్లోని నేల ఉడతలకు ప్లేగు అంటింది. అక్కడి నుంచి పడమటి రాష్ట్రాల అడవి జంతువుల్లో స్థిరపడింది. నేటికీ ఆ దేశంలో ఏడాదికి సగటున ఏడుగురికి సోకుతోంది, వేళకు యాంటీబయాటిక్ పడితే నయమవుతుంది. ఆ రాష్ట్రాల్లోనే, శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, సియాటిల్‌లో, వేలాది తెలుగు కుటుంబాలు క్రాల్ స్పేస్ ఉన్న ఇళ్లు కొనుక్కున్నాయి. ఎలుక మందు పెట్టడం కంటే ముందు చేయాల్సిన పని గాలి కిటికీలకు పావు అంగుళం కన్నాల ఇనప జాలీ చెక్కుచెదరకుండా ఉందా, నీటి గొట్టం గోడలో దూరే చోట సందు మిగిలిందా అని చూసుకోవడం. చిట్టెలుకకు పావు అంగుళానికి కాస్త మించిన సందు చాలు, ఎలుకకు అరంగుళం. మందు తిన్న ఎలుక చెక్కల కిందే చస్తే, వారాల తరబడి ఇల్లంతా కంపు కొట్టించగలదు. దాన్ని తీయాల్సి వస్తే చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు ఉండాలి. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకూడదు.