ముగ్గురి బ్యాండు: మన కృష్ణా డెల్టాలో బుర్రకథ దళం ఎలా ఎదిగింది, ఎలా చెదిరింది



మనలో చాలామందికి రాక్ బ్యాండ్లంటే ఇష్టం. బీటిల్స్‌లో ఒకప్పుడు డ్రమ్ములు కొట్టింది పీట్ బెస్ట్ అనీ, 1962లో అతన్ని తీసేసి రింగో స్టార్‌ని పెట్టుకున్నారనీ టకటకా చెప్పేవాళ్ళున్నారు. మంచిదే. కానీ మన పెదపారుపూడి, పామర్రు, గుడివాడ ఊళ్ళలో రాత్రిళ్ళు జనాన్ని కదలకుండా కూర్చోబెట్టిన బ్యాండు ఒకటుంది. అందులో ఎవరెవరు ఉండేవాళ్ళో చెప్పమంటే మనకి ఒక్క పేరు కూడా రాదు. అదే బుర్రకథ దళం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ముగ్గురే ఎందుకు?

బుర్రకథలో మధ్యన కథకుడు. భుజాన తంబుర, వేళ్ళకి అందెలు, కాళ్ళకి గజ్జెలు. అటూ ఇటూ ఇద్దరు వంతలు, వాళ్ళ చేతుల్లో గుమ్మెటలు. కొన్నిచోట్ల వాటినే డక్కీలంటారు. వంతల్లో ఒకరు హాస్యం చెప్తారు, ఇంకొకరు రాజకీయం మాట్లాడతారు. పాతకథ చెప్తూ చెప్తూ ఈ రోజు ఊళ్ళో జరిగేదాన్ని అందులోకి లాక్కొచ్చేది ఆ రాజకీయం చెప్పే వంతే.

ఇది కొత్తగా పుట్టిన కళ కాదు. అంతకుముందు జంగం కథ, తంబుర కథ అనేవాళ్ళు. ఊరూరా తిరిగి, చెప్పుకుని బతికే సంచార కుటుంబాల కళ ఇది. జంగం కథలో చాలాచోట్ల ఆ ఇంటి ఆడవాళ్ళే గుమ్మెట వాయించి వంత పాడేవాళ్ళు. వాళ్ళ పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

ఎదుగుదల

1942లో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తేశారు. 1943లో బొంబాయిలో ఇప్టా పుట్టింది. అదే ఏడాది మన దగ్గర ప్రజానాట్యమండలి వచ్చింది. దాన్ని నడిపించింది డాక్టర్ గరికపాటి రాజారావు. వీధి భాగోతం, కోలాటం, గొల్లసుద్దులు, బుర్రకథ, ఇలా జనం దగ్గరున్న కళలన్నిటినీ తీసుకుని కొత్త కథలు కట్టించారు. బెంగాల్ కరువు, కౌలు రైతు కష్టం, కూలీ బతుకు, అన్నీ కథలయ్యాయి. సుంకర సత్యనారాయణ 'కష్టజీవి' రాశాడు. ఆయనే వాసిరెడ్డి భాస్కరరావుతో కలిసి తెలంగాణ పోరాటం మీద 'మాభూమి' నాటకం రాశాడు.

నాటకానికి తెర కావాలి, లైట్లు కావాలి, పదిమంది నటులు కావాలి. బుర్రకథకి ముగ్గురు మనుషులు, ఒక అరుగు ఉంటే చాలు. కాలువ గట్టెంట నడిచి ఏ మారుమూల పల్లెకైనా పోవచ్చు. అది అంత తొందరగా జనంలోకి పోవడానికి ఇదే కారణం.

ఈ కళకి పెద్ద పేరు తెచ్చింది షేక్ నాజర్. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో, పేద దూదేకుల ఇంట్లో పుట్టాడు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు ఆయన నోట వినాలని జనం ఎగబడేవాళ్ళు. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. తక్కువచేసి పిలిచే కులం పేరునే తన పుస్తకానికి పెట్టుకున్న మనిషి. ఈ ఒక్క సంగతి కోసమైనా మనం ఆయన్ని చదవాలి.

ఆడవాళ్ళ దళం

దళంలో వచ్చిన మార్పుల్లో అన్నిటికన్నా పెద్దది ఇది. ప్రజానాట్యమండలి రోజుల్లో మోటూరి ఉదయం లాంటివాళ్ళు మహిళా బుర్రకథ దళం కట్టారు. గౌరవంగా బతికే ఇంటి ఆడది గజ్జె కట్టి నలుగురిలో నిలబడటం అప్పట్లో చిన్న విషయం కాదు. సంచార కుటుంబాల ఆడవాళ్ళు తరాలుగా చేస్తున్న పనే అది. కానీ భూములున్న ఇళ్ళ ఆడవాళ్ళు చేసినప్పుడు చరిత్ర అయింది. రెండూ నిజాలే, రెండూ గుర్తుపెట్టుకుందాం.

మన పక్కనున్న పామర్రులో 1918లో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ కూడా ప్రజానాట్యమండలిలో పాడింది. చిన్నపిల్లగా ఉన్నప్పుడే పెళ్ళి, ఏడేళ్ళకే వైధవ్యం, తర్వాత పునర్వివాహం, పార్టీ పని, అజ్ఞాతవాసం. భర్త దూరమయ్యాక ముప్పై దాటిన వయసులో మళ్ళీ చదువు మొదలుపెట్టి, కాకినాడలో ఆడపిల్లల హాస్టల్ మేట్రన్‌గా పనిచేసింది. 2012లో ఆమె ఆత్మకథ 'నిర్జన వారధి' వచ్చింది. 2018లో నూరేళ్ళ వయసులో చనిపోయింది. హాస్టళ్ళలో చదువుకున్న మనం ఆ పుస్తకం తప్పకుండా చదవాలి.

చెదిరిపోవడం

1948 నుంచి నిర్బంధం మొదలైంది. 'మాభూమి'ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కళాకారుల్లో కొందరు జైలుకి, కొందరు అజ్ఞాతంలోకి పోయారు. మన మండలంలోని యలమర్రులో, ఉయ్యూరు పక్క కాటూరులో మలబారు పోలీసులు మగవాళ్ళని బట్టలూడదీసి నడిపించింది ఆ రోజుల్లోనే. అలాంటి ఊళ్ళో గుమ్మెట చప్పుడు చేసేదెవరు?

ఆ తర్వాత సినిమా పిలిచింది. రాజారావు 1953లో 'పుట్టిల్లు' తీశాడు. జమునకి, అల్లు రామలింగయ్యకి తొలి సినిమా అదే. మిక్కిలినేని సినిమా నటుడయ్యాడు. తాతినేని ప్రకాశరావు 1952లో 'పల్లెటూరు'తో దర్శకుడయ్యాడు. నాజర్ అల్లూరి బుర్రకథ 1954లో 'అగ్గిరాముడు' సినిమాకెక్కింది. ఎవర్నీ తప్పు పట్టలేం, అందరికీ పొట్టలున్నాయి. 1964లో పార్టీ కూడా రెండైంది.

అయినా ఆ పద్ధతి చావలేదు. శ్రీకాకుళం మన్యం వైపు సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ పట్టుకున్నాడు. 1969 డిసెంబరులో పోలీసులు ఆయన్ని కాల్చేశారు. 1972లో జననాట్యమండలి వచ్చింది, గద్దర్, వంగపండు వచ్చారు. మనుషులు మారారు, వాయిద్యం మారింది. ఒకరు కథ ఎత్తుకుంటే పక్కవాళ్ళు అందుకునే ఆ కట్టుబాటు మాత్రం నిలబడింది.

ఇందులో మనకేముంది?

బుర్రకథ మనకో పాఠం చెప్తోంది. మనుషులు మారినంత మాత్రాన దళం పోదు. పాడించుకునే జనం, వెనకాల నిలబడే సంఘం పోతే పోతుంది. ఇంకోటి, మధ్యన నిలబడ్డవాడి పేరే మిగులుతుంది. వంతల పేర్లు పోతాయి.

అల్లూరి కథే చూడండి. 1922 నుంచి 1924 దాకా మన్యంలో పోరాడింది ఒక్కరా? గాం గంటందొర పక్కనే ఉండి పోరాడి ప్రాణాలిచ్చాడు. ఆయన తమ్ముడు గాం మల్లుదొర శిక్ష అనుభవించి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడు. మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? పోరాటంలోనూ మనవాళ్ళు వంతలే అయ్యారు.

మన కాలేజీల్లో థింసా టీములున్నాయి, డోలు, డప్పు టీములున్నాయి. యానాది, ఎరుకల, లంబాడీ పిల్లలూ, ఏజెన్సీ నుంచి చదువుకోవడానికొచ్చిన కోయ, కొండరెడ్డి పిల్లలూ కలిసి ఆడుతున్నారు. మూడేళ్ళకి సీనియర్లు వెళ్ళిపోతారు, వాళ్ళతోపాటే దరువులూ వెళ్ళిపోతున్నాయి. అందుకే మూడు పనులు చేద్దాం. ప్రతి టీముకీ ఒక నోటుబుక్కు పెట్టి, ఏ ఏడాది ఎవరు ఏం వాయించారో పేరు, ఊరుతో సహా రాద్దాం. ప్రతి దరువూ కనీసం ఇద్దరికి నేర్పుదాం. ఫోన్లో వీడియో తీసినప్పుడు ముందున్న పాటగాడి పేరుతోపాటు వెనకాల డోలు కొట్టినవాడి పేరు కూడా పెడదాం.

ఇళ్ళల్లో తాతలు, అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్ళ చిన్నప్పుడు మన పేటకి ఏ దళం వచ్చింది, గుమ్మెట ఎవరు కొట్టారు, మనవాళ్ళెవరైనా అందులో వంత పాడారా అని ఈ సంక్రాంతి సెలవుల్లో అడగండి. దొరికిన ప్రతి పేరూ ఇక్కడ రాయండి. మధ్యన నిలబడ్డవాళ్ళ పేర్లు ఎలాగూ పుస్తకాల్లో ఉన్నాయి. మనం వెతకాల్సింది పక్కన నిలబడ్డవాళ్ళని.