నిజాంపేటలో పేదల ఇళ్లు వద్దా? ముందు కేపీహెచ్‌బీ కథ వినండి

ఈరోజు ఎపిసోడ్ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పుట్టింది.

మేముండేది నిజాంపేటలో. కొన్ని వారాల కిందట గ్రూపులో ఒక మాట తిరిగింది. దగ్గర్లో ఉన్న ఖాళీ స్థలంలో తక్కువ ఆదాయం వాళ్లకి ఫ్లాట్లు కడతారట, అందులో ఒక బ్లాకు పెద్దవయసు వాళ్లకట. నిజమో పుకారో ఎవరూ ఆగి చూడలేదు. గంటలో వంద మెసేజ్‌లు. ‘ట్రాఫిక్ ఏమవుతుంది?’, ‘మనకే నీళ్లు చాలట్లేదు’, ‘ఫ్లాట్ రేట్లు పడిపోతాయి’, ‘సేఫ్టీ ఉండదు’. రాత్రికల్లా పిటిషన్ రెడీ. మా నాన్న కూడా సంతకం పెడతానన్నాడు.

పక్కనే కూర్చున్న నానమ్మ మెల్లగా అడిగింది: “ఏరా, మన పాత ఇల్లు కూడా అలాంటిదే కదా?”

నాన్న దగ్గర సమాధానం లేదు. ఎందుకంటే ఆయన పెరిగింది కేపీహెచ్‌బీలో, ఎల్ఐజీ ఇంట్లో.

మనలో చాలామంది రోజూ కేపీహెచ్‌బీ అంటాం గానీ, ఆ అక్షరాల అర్థం ఆలోచించం. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు. అంటే సర్కారు కట్టిన కాలనీ. 1980ల్లో ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు దీన్ని పెంచింది. ఎల్ఐజీ అంటే లో ఇన్‌కమ్ గ్రూప్, ఎంఐజీ అంటే మిడిల్ ఇన్‌కమ్, హెచ్ఐజీ అంటే హై ఇన్‌కమ్. ఇప్పుడు కోట్లు పలుకుతున్న ఆ వీధుల పేర్లు ఒకప్పుడు జీతాన్ని బట్టి పెట్టినవి.

మా తాత ఆల్విన్ కంపెనీలో పనిచేసేవాడు. ఇల్లు అలాట్ అయినప్పుడు చుట్టాలు నవ్వారట. “అంత దూరం ఎవరు పోతారు? అక్కడ రాళ్లు తప్ప ఏముంది?” అని. నానమ్మ నీళ్ల ట్యాంకర్ కోసం బిందెలు పట్టుకుని లైన్లో నిలబడింది. బస్సు మిస్సయితే తర్వాతి దాని కోసం గంట చూసేదట.

1998లో సైబర్ టవర్స్ మొదలైంది. హైటెక్ సిటీకి ఉద్యోగులు వచ్చారు. వాళ్లకి అద్దె ఇళ్లు, మెస్సులు, కోచింగ్ సెంటర్లు, షాపులు కావాలి. అవన్నీ అప్పటికే జనం ఉన్న కేపీహెచ్‌బీలో దొరికాయి. అక్కడ చోటు చాలక అపార్ట్‌మెంట్లు పక్క ఊళ్లకి పాకాయి. అలా పాకిన ఊళ్లలో నిజాంపేట ఒకటి. మొన్నమొన్నటిదాకా గ్రామ పంచాయతీ, 2019లో మున్సిపల్ కార్పొరేషన్. 2017 నవంబర్‌లో మియాపూర్ వైపు మెట్రో వచ్చాక రేట్లు ఇంకా పెరిగాయి. నా లెక్కలో ఇక్కడి ఫ్లాట్ల విలువకి పునాది వేసింది ఆ సర్కారు కాలనీయే.

ఈ కథ ఇంకా వెనక్కి వెళ్తుంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరదలో వేలమంది చనిపోయారు. ఆ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీల్ని తీసేసి రోడ్లు వేయడం, మామూలు జనానికి క్వార్టర్స్ కట్టడం దాని పని. అంటే ‘పేదవాళ్లకి ఇల్లు ఎక్కడ?’ అనే ప్రశ్న హైదరాబాద్‌లో వందేళ్లు దాటింది.

సరే, అయితే మా గ్రూపులో వాళ్ల భయాలన్నీ తప్పా? కాదు. 2016 సెప్టెంబర్ గుర్తుందా? పెద్ద వాన పడితే నిజాంపేట భండారి లేఅవుట్ మునిగింది. సెల్లార్లు నిండాయి. జనం రోజుల తరబడి పై అంతస్తుల్లో ఇరుక్కున్నారు. నీళ్లు, డ్రైనేజీ గురించి భయపడటంలో న్యాయం ఉంది. కానీ మునిగినవి పేదల కోసం కట్టిన ఇళ్లు కావు, మనలాంటి వాళ్లు లోన్ పెట్టి కొన్న అపార్ట్‌మెంట్లు. చెరువు నీళ్లు పోయే దారిలో ఏది కట్టినా మునుగుతుంది. నాలా ప్రశ్న ప్రతి బిల్డింగ్‌నీ అడగాలి. పేదవాళ్ల బిల్డింగ్ దగ్గర మాత్రమే గుర్తొస్తే అది నాలా ప్రశ్న కాదు.

‘సేఫ్టీ’ మాటకొస్తే, నిజాంపేటలోనే రాజీవ్ గృహకల్ప ఉంది. 2000ల మధ్యలో వచ్చిన పథకం, చిన్న చిన్న ఫ్లాట్లు. మా ఇంట్లో వంట చేసే అక్క అక్కణ్నుంచే నడిచి వస్తుంది. మా తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. ఆమె దూరంగా ఉంటే మా పొద్దుటి టిఫిన్ లేదు, ఆమెకి జీతం లేదు.

‘ఊరి బయట కట్టొచ్చు కదా’ అని కూడా ఒకరు రాశారు. అది కూడా చేశారు ఫ్రెండ్స్. 2023 జూన్ 22న ఓఆర్ఆర్ పక్కన కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ప్రారంభించారు. ఇళ్లు బాగున్నాయి. కానీ లాటరీలో వచ్చిన చాలామందికి పని సిటీ మధ్యలో. ఇళ్లలో పనిచేసే ఆమె, తోపుడుబండి పెట్టే ఆయన రోజూ అంత దూరం ఎలా వచ్చిపోతారు? దానికి దాదాపు ఎనిమిదేళ్ల ముందు, 2015 నవంబర్‌లో, సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో 396 ఇళ్లు ఇచ్చారు. పాత ఇళ్లు ఉన్నచోటే కొత్తవి కట్టారు. పని, స్కూలు, చుట్టుపక్కల మనుషులు ఎక్కడివాళ్లు అక్కడే. తేడా గోడల్లో లేదు, దూరంలో ఉంది.

ఇక పెద్దవాళ్ల సంగతి. మా వీధిలో పిల్లలు డాలస్‌లోనో, బెంగళూరులోనో ఉన్న తాతలు, అమ్మమ్మలు ఎంతమందో. డబ్బున్నవాళ్లకి ప్రైవేటు రిటైర్మెంట్ హోమ్‌లు ఉన్నాయి. లేనివాళ్లకి? తల్లిదండ్రులు, వయోవృద్ధుల సంరక్షణ కోసం 2007లో వచ్చిన చట్టం, ఆసరా లేని వృద్ధుల కోసం జిల్లాకి కనీసం ఒక ఆశ్రమం, కనీసం 150 మందికి చోటు ఉండేలా, రాష్ట్ర ప్రభుత్వం పెట్టొచ్చని చెప్తుంది. కానీ లిఫ్టు లేని మూడో అంతస్తులో మోకాళ్ల నొప్పులతో ఉన్న ముసలమ్మకి కావాల్సింది ఆశ్రమం కాదు. కింది అంతస్తులో ఇల్లు, నడిచి వెళ్లేంత దూరంలో మందుల షాపు.

సింగపూర్‌లో కాంపుంగ్ అడ్మిరల్టీ అని ఒకటుంది. పెద్దవాళ్ల కోసం 104 ఫ్లాట్లు. అదే బిల్డింగ్‌లో క్లినిక్కులు, తిండి దుకాణాలు, చిన్నపిల్లల కేర్ సెంటర్. ఊరి బయట కాదు, మెట్రో స్టేషన్ పక్కనే. అంటే పెద్దవాళ్లని ఊరి మధ్యలో పెట్టారు.

మళ్లీ మా గ్రూపుకి వద్దాం. నాన్న ఆ పిటిషన్ మీద సంతకం పెట్టలేదు. తనే ఇంకోటి రాశాడు. నాలుగే ప్రశ్నలు. వాన నీళ్లు ఎటు పోతాయి? మంచినీళ్ల లైన్ ముందు వేస్తారా, ఇళ్లిచ్చాక వేస్తారా? లిఫ్టు పాడైతే బాగుచేయించే డబ్బు ఎవరిది? పెద్దవాళ్లకి కింది అంతస్తు ఇస్తారా? మొదటి పిటిషన్‌కి నలభై సంతకాలు వచ్చాయి. నాన్నదానికి ఇప్పటిదాకా ఆరు. అందులో ఒకటి నానమ్మది, తెలుగులో, వంకరగా.

ఆ స్థలంలో ఏదైనా కడతారో లేదో నాకు తెలీదు. కానీ మీ ఏరియాలో ఇలాంటి గొడవ వస్తే, సంతకం పెట్టే ముందు మీ ఇంట్లో పెద్దవాళ్లని ఒక్క మాట అడగండి: మనం ఈ ఊరికి వచ్చినప్పుడు మొదటి ఇల్లు ఎవరు కట్టారు, ఎలా దొరికింది? వాళ్లు చెప్పింది కామెంట్స్‌లో రాయండి, నేను చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.